ఆయిల్ తక్కువ పోశావన్న అబద్ధం

రంపం మిషను పట్టేసిందంటే మన దగ్గర తీర్పు ముందే రాసి పెట్టి ఉంటుంది. సర్వీస్ సెంటర్ కుర్రాడు సైలెన్సర్ బోల్టులు విప్పుతాడు, ఆ కంతలోకి టార్చి కొడతాడు, పిస్టన్ మీద నిలువు గీతలు చూస్తాడు. తల కూడా ఎత్తకుండా "ఆయిల్ తక్కువ పోసుంటావ్ బాబాయ్, వారంటీ రాదు" అంటాడు. "లీటరుకి ఎంత పొయ్యమన్నారో అంతే పోశాను సార్" అన్న జవాబు ఎవరికీ వినబడదు. విచారణ అర నిమిషంలో ముగుస్తుంది. అప్పీలు లేదు. శిక్ష మాత్రం ఉంటుంది: పిస్టన్, సిలిండర్ కిట్టు ఖరీదు, పైన లేబరు, మిషను చేతికొచ్చేదాకా పోయిన కూలి.

ఆ బాబాయ్ ఎవరు? నందిగామ, జగ్గయ్యపేట వైపు సుబాబుల్ తోటల్లోనో, కందుకూరు చుట్టుపక్కల జామాయిల్లోనో టన్ను లెక్కన కర్ర కొట్టే ముఠా మనిషి. ఆయన రంపం ఆగితే ఆయనొక్కడే ఆగడు. బెరడు తీసేవాళ్లు, మోసేవాళ్లు, లారీకెత్తేవాళ్లు, అంతా చెట్టు నీడన కూర్చోవాల్సిందే. టన్ను పడకపోతే రూపాయి పడదు. అలాంటి మనిషిని రుజువు లేకుండా దోషిని చేసి పంపేస్తున్నారు. అసలు దోషి ఆ కుర్రాడి కళ్ల ముందే ఉంది. ఇందాక రెండు బోల్టులు విప్పి బల్ల మీద పక్కన పడేశాడే, ఆ నల్లటి రేకు డబ్బా, ఆ సైలెన్సర్. దాన్ని తిప్పి చూసిన పాపాన పోయాడా?

నేననేది ఇదే. సైలెన్సర్‌ని, దాన్ని గీసిన ఇంజనీరుని ముందు బోనెక్కించకుండా, కోసేవాడి నెత్తిన నేరం మోపే హక్కు ఎవడికీ లేదు.

కొంచెం లోపలికి వెళ్దాం. ఇది టూస్ట్రోక్ ఇంజన్. దీనికి ఆయిల్ సంపు లేదు, రేడియేటర్ లేదు. ట్యాంకులో పోసిన పెట్రోలే దీని తిండి. అందులో కలిపిన టూటీ ఆయిలే దీనికి నూనె. క్రాంక్‌కేసులో ఆవిరయ్యే ఆ పెట్రోలే లోపలి నుంచి చల్లదనం, బయటి నుంచి ఫ్లైవీల్ రెక్కలు విసిరే గాలి. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే రంపంలో సెకనుకి 200 సార్లు నిప్పు పుడుతుంది, 200 సార్లు ఆ మంట ఎగ్జాస్ట్ పోర్టనే ఒక్క కిటికీలోంచి బయటికి పోవాలి. పిస్టన్‌కి ఇన్‌టేక్ వైపు చల్లటి మిశ్రమం తగులుతూ ఉంటుంది. సైలెన్సర్ వైపు తగిలేది సెగ ఒక్కటే. పిస్టన్‌కీ సిలిండర్ బోరుకీ మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు. సెగ పెరిగితే అల్యూమినియం పిస్టన్ ఉబ్బుతుంది, ఆయిల్ పొర తెగిపోతుంది, లోహానికి లోహం తగిలి అంటుకుంటుంది. అదే పట్టేయడం. మొదట పట్టేసేది ఎప్పుడూ ఆ వేడి పక్కనే.

ఇక్కడే ఆ కుర్రాడి తీర్పులో మోసముంది. సైలెన్సర్ వైపు గీతలు పడటానికి ఆయిల్ తక్కువ కావడం ఒక కారణం. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువై మిశ్రమం పల్చబడటం ఇంకో కారణం. వేడి బయటికి పోక లోపలే ఉడకడం మూడోది. ఎగ్జాస్ట్ పోర్టు అంచున గట్టిపడిన కార్బన్ పెచ్చు ఊడి పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఇరుక్కుని గీరేయడం నాలుగోది. నాలుగింటికీ మొదటి గీతలు పడేది అటే. ఏది నిజమో తేల్చాలంటే కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు ఎండిందో జిడ్డుగా ఉందో చూడాలి, ట్యాంకులో మిగిలిన పెట్రోలు తీసి చూడాలి, ఇన్‌టేక్ రబ్బరు చీలిందేమో, ఆయిల్ సీళ్లు గాలి లాగుతున్నాయేమో క్రాంక్‌కేసుకి ప్రెషర్ పెట్టి చూడాలి. అవేవీ చేయకుండా, నాలుగు కారణాల్లోంచి కస్టమర్ మీదికి తోయగలిగిన ఒక్కదాన్నే ఏరుకోవడాన్ని పరీక్ష అంటారా? దాన్ని దొంగ తూకం అంటారు.

సైలెన్సర్ సంగతికొద్దాం. టూస్ట్రోక్‌లో సైలెన్సర్ అంటే చప్పుడు తగ్గించే డబ్బా మాత్రమే కాదు, ఇంజన్‌లో అదొక భాగం. ఈ ముక్క ప్రపంచానికి నేర్పినవాడు తూర్పు జర్మనీ త్షోపావ్ ఊళ్లోని ఎంజెడ్ బైకుల కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1950ల్లో ఆయన పొగ గొట్టాన్ని ఉబ్బెత్తుగా, కొలత ప్రకారం మలిచాడు. బయటికి పోయే పొగ తరంగం వెనక్కి కొట్టి, తప్పించుకుపోయే పచ్చి పెట్రోలు మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి నెట్టేలా చేశాడు. ఆ విద్య ఎంత విలువైనదంటే, 1961లో స్వీడన్ గ్రాండ్ ప్రీ నుంచి ఎర్న్‌స్ట్ డెగ్నర్ అనే రేసర్ తూర్పు జర్మనీకి తిరిగి వెళ్లకుండా పారిపోయి, దాన్ని సుజుకీకి చేరవేశాడు. మరుసటేడు 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీ మీద గెలిచాడు. మన ఆర్‌ఎక్స్ 100 బైకు పొడుగాటి సైలెన్సర్‌లో ఉన్నది కూడా ఆ వంశపు విద్యే. ఆ మోతకి మురిసిపోయిన తరానికి ఇదంతా గొట్టం మహిమని చెప్పినవాళ్లు తక్కువ.

రంపానికి ఆ యోగం లేదు. మనిషి చేతుల్లో ఉండాల్సిన మిషనుకి మూరెడు గొట్టం తగిలించలేరు, నిజమే. అందుకని సిలిండర్‌కి ఆనించి ఒక డబ్బా బిగించారు. వెనక్కి నెట్టే తరంగం లేదు కాబట్టి పచ్చి మిశ్రమంలో, పాత తరహా ఇంజన్లలో మూడో వంతు దాకా, కాలకుండానే బయటికి పోయేది. ఆ పొగ పీల్చేది ఎవరు? మిషను మీద వంగి కోసేవాడే. కాబట్టి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ దీనికి కళ్లెం వేయడం నూటికి నూరుపాళ్లు న్యాయం. 1997లో మొదటి దశ వచ్చింది. 20 నుంచి 50 సీసీ ఇంజన్ ఒక కిలోవాట్ అవర్‌కి 241 గ్రాములకు మించి హైడ్రోకార్బన్లు వదలకూడదన్నారు, 50 సీసీ దాటితే 161. రెండో దశలో నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా కలిపి 50, 72 గ్రాములకి దించారు. కాలుష్య చట్టాల్ని తిట్టి చప్పట్లు కొట్టించుకునే రకం కోపం కాదు నాది. చట్టం మంచిదే. దాన్ని కంపెనీలు ఎలా నెట్టుకొచ్చాయన్నదాని మీదే నా కోపం.

కష్టమైన దారి ఒకటుంది. ఇంజన్ లోపలి దారుల్నే తిరగ రాయాలి. ముందు స్వచ్ఛమైన గాలి పొర లోపలికొచ్చి పొగని బయటికి తోస్తుంది, దాని వెనక పెట్రోలు మిశ్రమం వస్తుంది. తప్పించుకుపోయేది గాలే తప్ప పెట్రోలు కాదు. కొమాట్సు జెనోవా స్ట్రాటో చార్జ్‌డ్ అంది, హస్క్‌వర్నా ఎక్స్‌టార్క్ అంది, స్టిల్ టూమిక్స్ అంది. పేరేదైనా సూత్రం అదే. ఇంధనం కూడా ఆదా అవుతుంది. అంటే చేయగలరు. చేసి చూపించారు.

సోమరి దారి ఇంకోటుంది. పాత ఇంజన్‌నే ఉంచు. కార్బరేటర్‌లో పెట్రోలు తగ్గించి మిశ్రమాన్ని పల్చగా చేయి. పెట్రోలు కొలత సర్దే హెచ్ స్క్రూ, ఎల్ స్క్రూల మీద ప్లాస్టిక్ టోపీ పెట్టి ఎవడూ ఎక్కువ తిప్పకుండా బిగించు. సైలెన్సర్ నోరు చిన్నది చేయి. ఇంకా చాలకపోతే సైలెన్సర్‌లోనే కేటలిటిక్ కన్వర్టర్ పెట్టు. ఆ కేటలిస్టు ఏం చేస్తుంది? బయటికొచ్చిన పచ్చి పెట్రోలుని ఆ డబ్బాలోనే కాలుస్తుంది. అంటే సిలిండర్‌కి ఆనుకుని ఇంకో పొయ్యి రగిలించినట్టే. ఇవన్నీ కలిపి, ఇప్పటికే మంటలో ఉన్న పిస్టన్ పక్కన పెట్టి, పెట్టెలో ప్యాక్ చేసి అమ్మారు. పరీక్ష గదిలో పాసయింది. తోటలో పట్టేసింది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నన్ను నిజంగా మండిస్తుంది. సైలెన్సర్ నోట్లో ఒక జాలీ ఉంటుంది, నిప్పురవ్వలు పడి అడవి అంటుకోకుండా. అమెరికా అటవీ శాఖ పాటించే ప్రమాణంలో ఆ జాలీ కంత 0.58 మిల్లీమీటర్లు దాటకూడదు, సైలెన్సర్ రేకు వేడి 288 డిగ్రీలు మించకూడదు, బయటికొచ్చే పొగ 246 డిగ్రీలు మించకూడదు. ఎండు గడ్డికి ఇంత భద్రత ఉంది, బాగుంది. కానీ అదే జాలీ మూసుకుపోతే లోపల పిస్టన్ ఎంత వేడెక్కుతుందో కొన్నవాడికి ఎవరైనా చెప్పారా? ఓసారి విప్పి చూడండి. పై రేకు తీస్తే లోపల బొటనవేలు గోరంత ఉక్కు జాలీ. దాన్నిండా నల్లగా, గట్టిగా, గోరు పెట్టి గీకినా రాని మాడు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అక్కడక్కడ సూదిమొనంత చుక్కలు తప్ప ఏమీ కనబడవు. ఆ చుక్కల్లోంచి సెకనుకి 200 మంటలు బయటికి పోవాలట. పోవు. పోలేని పొగ లోపలే నిలిచి, కొత్తగా వచ్చే చల్లటి మిశ్రమానికి చోటివ్వదు. బలం తగ్గుతుంది. బలం తగ్గిందని కోసేవాడు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, బార్‌ని కర్రలోకి అదిమి పడతాడు. వేడి ఇంకా పెరుగుతుంది.

ఆ మాడు ఎక్కడిది? కాలని ఆయిల్‌ది. ఇప్పుడు ఆ కౌంటర్ తీర్పు చేసే అసలు నష్టం చూడండి. "ఆయిల్ తక్కువ పోశావ్" అని తిట్టించుకుని, అప్పు చేసి కిట్టు వేయించుకున్న మనిషి తర్వాత ఏం చేస్తాడు? భయపడి ఆయిల్ ఎక్కువ పోస్తాడు. లీటరుకి 20 మిల్లీలీటర్లు పోయాల్సిన చోట 60 పోస్తాడు. ఎక్కువైన ఆయిల్ పెట్రోలు చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి మిశ్రమం ఇంకాస్త పల్చబడుతుంది. కాలని ఆయిల్ జాలీని, ఎగ్జాస్ట్ పోర్టుని ఇంకా తొందరగా మూసేస్తుంది. మళ్లీ పట్టేస్తుంది. మళ్లీ అదే కౌంటర్, అదే టార్చి, అదే తీర్పు. తప్పుడు రోగం చెప్పి అదే రోగం తెచ్చే మందు రాసివ్వడం ఇది. ఇందులో కిట్లు అమ్ముడుపోతూనే ఉంటాయి, గమనించారా?

ఆయిల్ పొగ దారిని మూసేస్తుందన్నది నా ఊహ అనుకునేవాళ్లు దుకాణంలో టూటీ ఆయిల్ డబ్బా తిప్పి చూడండి. జాసో ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని ఏదో ఒకటి ఉంటుంది. జపాన్‌వాళ్ల ఆ ప్రమాణంలో జారుడుతనం, శుభ్రత, పొగతో పాటు పొగ గొట్టం మూసుకుపోవడానికి ప్రత్యేకంగా మార్కులున్నాయి. ఎక్కువొస్తే మంచిది. ఎఫ్‌బీకి 45 వస్తే పాస్, ఎఫ్‌సీ, ఎఫ్‌డీలకి 90 రావాలి. అంటే ఏ ఆయిల్ సైలెన్సర్‌ని ఎంత మూస్తుందో కొలిచే పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. రంపం అమ్మే కొట్టువాడు ఆ రెండక్షరాలు చూసి కొనమని ఒక్కరికైనా చెప్పాడా? పక్క అరలో ఏది చవకైతే అది చేతికిస్తాడు.

పాత మెకానిక్కులకి ఇది తెలుసు. లూనా, చేతక్, ఆర్‌ఎక్స్ 100 రోజుల్లో బండి లాగట్లేదంటే ముందు సైలెన్సర్ విప్పేవాళ్లు. మంటలో కాల్చో, కాస్టిక్ సోడా పోసో, మాడు దులిపి బిగించేవాళ్లు. టీవీఎస్ ఎక్సెల్ కూడా ఫోర్‌స్ట్రోక్ అయిపోయాక ఆ విద్య వీధిలోంచి లేచిపోయింది. ఇప్పటి కుర్రాడికి టూస్ట్రోక్ అంటే రంపమో, మందు కొట్టే స్ప్రేయరో. వాడికి నేర్పాల్సిన కంపెనీ నేర్పింది మాత్రం వారంటీ ఎలా ఎగ్గొట్టాలన్నదొకటే.

అమెరికా కలప కోతగాళ్లు ఊరుకోలేదు. సైలెన్సర్ విప్పి, డ్రిల్లుతో నోరు పెద్దది చేసుకున్నారు. వీడియోలు చూసి మనవాళ్లూ మొదలుపెట్టారు. ఇందులో ఒక గొయ్యి ఉంది. నోరు తెరుచుకుంటే ఇంజన్ గాలి ఎక్కువ పీలుస్తుంది, దానికి తగ్గట్టు హెచ్ స్క్రూ తిప్పి పెట్రోలు పెంచకపోతే మిశ్రమం పల్చబడి ఇంకా తొందరగా పట్టేస్తుంది. టోపీ బిగించిన స్క్రూ కావలసినంత తిరగదు. అంటే మూసి ఉంచితే ఉడుకుతుంది, తెరిస్తే ఎండుతుంది. రెండు దారుల్లోనూ తాళం కంపెనీ చేతిలోనే ఉంది. పైగా తెరిస్తే "మార్పులు చేశావు, వారంటీ పోయింది" అంటారు. తెరవకముందు ఏదో ఇచ్చినట్టు!

ఇప్పుడు పెట్రోలు సంగతి. 2023 ఫిబ్రవరిలో దేశంలో ఈ20 మొదలైంది, 2025 కల్లా బంకుల్లో 20 శాతం ఇథనాలే మామూలైపోయింది. పెట్రోలు ఒక పాలు కాలడానికి సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అదే జెట్టులోంచి అదే కొలతలో ఇంధనం వస్తుంటే, అందులో ఇథనాల్ పెరిగిన కొద్దీ మిశ్రమం పల్చబడుతుంది. ఆటోమేటిగ్గా సర్దుకునే ఎలక్ట్రానిక్ కార్బరేటర్లున్న ఖరీదైన రంపాలు కాస్త తట్టుకుంటాయి. ముఠాల చేతుల్లో ఉన్నవి అవి కావు. చాలా మాన్యువళ్లలో 10 శాతం ఇథనాల్ దాటొద్దని రాసి ఉంటుంది. బాబాయ్ 10 శాతం పెట్రోలు ఎక్కడ కొనాలి? బంకులో దొరికేదే పోశాడు. దొరకని పెట్రోలు పోయలేదని వారంటీ కొట్టేయడం కంటే సిగ్గుమాలిన పని ఏముంటుంది?

దానికి తోడు మన ఎండ. సిలిండర్ రెక్కలు 200 డిగ్రీల దగ్గరున్నాయనుకుందాం. 20 డిగ్రీల యూరప్ గాలిలో తేడా 180. మే నెలలో 45 డిగ్రీల రెంటచింతల గాలిలో తేడా 155. గాలి తీసుకుపోయే వేడి ఆ మేరకు తగ్గినట్టే. ఆ రెక్కల మధ్య పచ్చి సుబాబుల్ పొట్టు ఆయిల్‌తో కలిసి పేడలా అట్ట కడితే అదీ లేదు. ఇక కొబ్బరి పీచు చుట్టుకుంటే ఫ్యాన్ గాలి లోపలికే రాదు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లని పడేసినప్పుడు, 2018లో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు రోడ్లు తెరిచింది ఈ రంపాలే. ఇక్కడి ఎండకి, ఇక్కడి కర్రకి, ఇక్కడి పెట్రోలుకి ఈ సైలెన్సర్‌ని ఎవరు పరీక్షించారు? ఆన్‌లైన్లో సగం ధరకి దొరికే ఏ పేరూ లేని నకళ్ల సంగతైతే అడగనే అక్కర్లేదు. వాటిలో కొన్నింటి గ్యాస్కెట్ అట్టముక్కలా ఉంటుంది, వేడికి బోల్టులు వదులై, ఆ సందులోంచి పొగ నేరుగా సిలిండర్ మీదికే కొడుతుంది.

కోసేవాళ్లు తప్పులు చేయరా? చేస్తారు. ఆయిల్ కంటి అంచనాతో పోస్తారు. మొద్దుబారిన చైనుకి ఆకురాయి పెట్టకుండా గంటలకొద్దీ అదుముతారు. కోత అవగానే స్విచ్ ఆపేస్తారు, ఒక నిమిషం స్లోలో తిప్పితే ఫ్యాన్ గాలికి సిలిండర్ చల్లబడుతుందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మాన్యువల్ ఇంగ్లిషులోనో చైనీసులోనో ఉంటుంది. మిషను తెలుగు నేల మీద అమ్ముకోవడానికి అడ్డురాని భాష, జాగ్రత్త చెప్పడానికి అడ్డొచ్చిందా?

కోసేవాళ్లకి ఒక మాట. బతుకుతెరువు కోసం సొంతంగా కొని నడుపుకునే మిషను "వాణిజ్య అవసరం" కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. మీరు వినియోగదారులే. జిల్లా కమిషన్ తలుచుకుంటే ఆ పిస్టన్‌ని ల్యాబుకి పంపించి లోపం ఎవరిదో తేల్చగలదు. కాబట్టి విప్పిన భాగాలు ఒక్కటీ సర్వీస్ సెంటర్లో వదిలి రావొద్దు. పాత పిస్టన్, సిలిండర్, సైలెన్సర్, జాలీ సంచిలో వేసుకుని రండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు సీసాలో పట్టి మూత బిగించండి. విప్పేటప్పుడే ఫోన్లో ఫొటోలు తీయండి, ముందు జాలీది.

కంపెనీలకి చెప్పేది ఇది. వారంటీ తిరస్కరించే కాగితం మీద ఇకనుంచి ఇవి నింపండి: జాలీ తీసి చూశారా, ఎంత మూసుకుంది. ఎగ్జాస్ట్ పోర్టులో కార్బన్ ఎంత. క్రాంక్‌కేసు ప్రెషర్ నిలిచిందా. కింది బేరింగులో జిడ్డుందా. ట్యాంకులో పెట్రోలు తీసి ఆయిల్ ఎంతుందో కొలిచారా. హెచ్ స్క్రూ ఎక్కడుంది, టోపీ ఉందా. చూసినవాడి పేరు రాసి సంతకం పెట్టించండి, తెలుగులో. అందులో ఒక్కటి ఖాళీగా ఉన్నా పిస్టన్, సిలిండర్, లేబరు ఖర్చు మీదే, ముఠా కూర్చున్న రోజుల కూలి కూడా మీదే.